భుజం పదే పదే జారుతుంటే కబడ్డీ ఆడవచ్చా? వ్యాయామాలతో ఆగుతుందా, ఆపరేషన్ కావాలా?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. మీకు 22 ఏళ్లు, కావలి దగ్గర పల్లె. కబడ్డీలో లెఫ్ట్ కార్నర్‌లో ఆడతారు, అవసరమైతే రైడ్‌కూ వెళ్తారు. 19 ఏళ్ల వయసులో కుడి భుజం మొదటిసారి జారింది. అప్పటినుంచి మరో నాలుగుసార్లు జారింది. చివరిసారి జారింది ఆటలో కాదు, నిద్రలో చెయ్యి తల కింద పెట్టుకుని పక్కకు తిరిగినప్పుడు. మొదట్లో ఊళ్లో ఒక పెద్దాయన లాగి కూర్చోబెట్టేవారు, ఇప్పుడు మీరే సర్దుకుంటున్నారు. వ్యాయామాలు చేస్తే ఆగుతుందా, సంక్రాంతి పోటీలకు నాలుగు నెలలు ఉంది కదా, ఆడవచ్చా అని అడిగారు.

నేను ఒంగోలులో ఫిజియోథెరపిస్టుని. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడేవాళ్ల భుజాలు, మోకాళ్లు చూడటమే నా రోజువారీ పని. ఆపరేషన్ చేసేది నేను కాదు. ఆపరేషన్‌కు ముందు, తర్వాత నెలల తరబడి వాళ్లతో ఉండేది మాత్రం నేనే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటి జవాబు: ఈ సంక్రాంతికి ఆడవద్దు. మీ వివరాలను బట్టి చూస్తే వ్యాయామాలు మాత్రమే చేసి కబడ్డీకి తిరిగి వెళ్లడం నిలబడే దారి కాదు. ముందు ఎమ్మారై, సీటీ స్కాన్ రెండూ తీయించుకుని, భుజం ఆపరేషన్లు తరచూ చేసే ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవండి. ఆపరేషన్ చేయాలని చెప్పే అవకాశమే ఎక్కువ. చేయించుకుని, ఆ తర్వాతి ఆరు నెలలు ఓపికగా పనిచేస్తే వేసవి పోటీల్లో ఆడే ఆశ ఉంది.

ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. మన వైపు పల్లెల్లో సంక్రాంతి జట్టులో పేరు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను. కారణం అర్థమైతే, జట్టువాళ్లు వచ్చి ఒక్క మ్యాచ్ ఆడమని బతిమాలినా మీరు గట్టిగా నిలబడగలరు.

శరీరంలో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే కీలు భుజానిది. అంతగా తిరగాలంటే గుంట లోతుగా ఉండకూడదు. చేతి ఎముక పైన ఉండే గుండ్రటి తల పెద్దది, రెక్క ఎముకలో దానికోసం ఉన్న గుంట చాలా చిన్నది. గూడూరు నిమ్మకాయను టీ చెంచాలో నిలబెట్టినట్టు ఉంటుంది ఆ అమరిక. గుంట అంచు చుట్టూ లేబ్రం అనే పట్టీ ఉండి లోతును కాస్త పెంచుతుంది. దానికి అంటుకుని ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు, వాటిపైన రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు ఉంటాయి. ఇవన్నీ కలిసి తలను గుంట మధ్యలో పట్టి ఉంచుతాయి.

నూటికి తొంభై అయిదుకు పైగా భుజాలు ముందువైపుకే జారతాయి. చెయ్యి పక్కకు లేచి, వెనక్కి మెలిపడినప్పుడు ఆ ప్రమాదం. అలా మొదటిసారి జారినప్పుడు గుంట ముందు అంచున, కిందివైపు లేబ్రం ఎముక నుంచి ఊడిపోతుంది. ఇంగ్లండ్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో దీన్ని వివరించారు కాబట్టి రిపోర్టుల్లో ఇప్పటికీ బ్యాంకార్ట్ అనే రాస్తారు. అదే సమయంలో చేతి ఎముక తల వెనుక భాగం గుంట అంచుకు కొట్టుకుని సొట్ట పడుతుంది. దాన్ని హిల్–శాక్స్ అంటారు. మీ రిపోర్టులో ఈ రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడవద్దు, మీ వయసులో ముందుకు జారిన భుజాల్లో ఇవి మామూలుగా ఉండేవే.

అసలు సంగతి దాని తర్వాత వస్తుంది. భుజం జారిన ప్రతిసారీ గుంట అంచు ఎముక కొంత అరుగుతుంది, తలలోని సొట్ట కొంత పెరుగుతుంది. ఎముక తగ్గిన కొద్దీ ఇంకా చిన్న కదలికకే జారుతుంది. మొదట డాష్ కొట్టినప్పుడు జారిన భుజం, తర్వాత చొక్కా తొడుక్కుంటుంటే, ఆ తర్వాత నిద్రలో జారుతుంది. మీ కథ సరిగ్గా ఇలాగే నడిచింది. ఇప్పుడు మీరే సులువుగా సర్దుకోగలుగుతున్నారని కొంచెం ధైర్యంగా రాశారు. నా దృష్టిలో అది మంచి గుర్తు కాదు. అంత తేలిగ్గా లోపలికి వెళ్తోందంటే, అడ్డుగా ఉండాల్సిన అంచు అరిగిపోయి ఉండవచ్చు. నిద్రలో జారడం, అంత తేలిగ్గా కూర్చోవడం, ఈ రెండూ చెబితే నేను ముందు అడిగేది సీటీ స్కాన్ తీశారా అనే.

నొప్పిని కొలమానంగా పెట్టుకోవద్దు. జారిన రెండు వారాలకు నొప్పి పోతుంది, చెయ్యి మామూలుగా లేస్తుంది. అందరూ మోసపోయేది అక్కడే. ఊడిన లేబ్రం తన చోట అతుక్కుందో లేదో నొప్పి చెప్పదు.

వయసు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఊరి పెద్దాయన తనకు ఒక్కసారి జారి మళ్లీ ఎప్పుడూ జారలేదని చెప్పారని రాశారు. ఆయనకు అది యాభై ఏళ్ల వయసులో జరిగి ఉంటే ఆ మాట నిజమే కావచ్చు. నలభై దాటాక మళ్లీ జారే అవకాశం బాగా తక్కువ. ఆ వయసులో ఉండే చిక్కు వేరు, రొటేటర్ కఫ్ కండరం తెగిపోయి చెయ్యి లేవకపోవడం. ఇరవై ఏళ్లలోపు మొదటిసారి జారి, ఒంటికి ఒళ్లు తగిలే ఆటలు ఆడేవాళ్లలో మళ్లీ జారే అవకాశం చాలా పరిశీలనల్లో 70 నుంచి 90 శాతం దాకా కనిపించింది. వాళ్లిద్దరి భుజాలకూ ఒకటే మందు పనిచేయదు.

వ్యాయామాలతోనే బాగుపడేవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్ల రకం వేరు. కందుకూరు వైపు నుంచి ఒక వాలీబాల్ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఏ దెబ్బా తగలకుండానే రెండు భుజాలూ సగం జారి వెనక్కి వస్తుండేవి. బొటనవేలు వంచితే ముంజేతికి ఆనేది, మోచేతులు వెనక్కి వంగేవి, మోకాళ్లు మడవకుండా అరచేతులు నేలకు ఆనించేది. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉన్న శరీరం అది. ఇలాంటివాళ్లకు సాధారణంగా ఊడిపోయిన లేబ్రం ఉండదు, కీలు చుట్టూ ఉండే సంచి మొత్తం వదులుగా ఉంటుంది. ఆపరేషన్‌కు తొందరపడకూడదు. ఆ అమ్మాయి నెలల తరబడి రెక్క ఎముక కండరాల మీద పనిచేసింది, స్పైక్ కొట్టే తీరు మార్చుకుంది, ఇప్పటికీ ఆడుతోంది. మీది దెబ్బతో మొదలైన, ఒకే భుజం, ఒకే వైపు జారే రకం. మీ స్నేహితుడికి వ్యాయామంతో తగ్గిందని రాశారు. ఆయనది ఏ రకమో తెలియకుండా పోల్చుకోవద్దు.

ఇక కబడ్డీ గురించి. ఈ ఆటలో భుజం జారే తావులు నేను చూసినంతలో మూడు. మొదటిది చైన్. మీరు లెఫ్ట్ కార్నర్ కాబట్టి మీ కుడి చెయ్యి పక్క ఆటగాడి చేతిలో ఉంటుంది. రైడర్ ఆ చేతుల మధ్య నుంచి విసురుగా దూసుకుపోతే చెయ్యి పక్కకు, వెనక్కి లాగబడుతుంది. భుజానికి ఇంతకన్నా చెడ్డ భంగిమ లేదు. రెండోది యాంకిల్ హోల్డ్‌కు చెయ్యి పూర్తిగా చాచి దూకినప్పుడు, రైడర్ కాలు వెనక్కి తన్ని లాక్కుంటే చెయ్యి దానితోపాటు పోతుంది. మూడోది రైడ్‌లో పట్టుబడి, మధ్య గీత కోసం చెయ్యి తల పైకి చాచి పాకుతున్నప్పుడు. వీపు మీద ముగ్గురు పడి ఉంటారు, చెయ్యి మాత్రం ముందుకు పోతుంది. మీరు ఆడేది కార్నర్, వెళ్లేది రైడ్‌కు. మూడూ మీకున్నాయి. ఈ సారి డిఫెన్స్‌లో జాగ్రత్తగా ఆడతానని మీరు రాసిన మాట మైదానంలో నిలవదు. రైడర్ పట్టు జారుతుంటే చెయ్యి ఆలోచించకుండానే వెళ్తుంది.

బ్రేస్ గురించి అడిగారు. చెయ్యి పక్కకు, వెనక్కి ఎక్కువగా పోకుండా ఆపే పట్టీ బ్రేసులు ఉన్నాయి. ఒక టోర్నీ మధ్యలో జారిన ఆటగాడు, దాని తీవ్రత తెలిసి కూడా సీజన్ పూర్తి చేయాలనుకుంటే, డాక్టర్ ఒప్పుకుంటే, అది కొంత సాయం చేస్తుంది. అందులో మళ్లీ జారే ప్రమాదం పెద్దగానే మిగిలి ఉంటుంది. కబడ్డీలో పట్టుకునేదే ఒంటిని, చేతిని. అక్కడ పట్టీ పక్కకు జరిగిపోతుంది. దుకాణాల్లో దొరికే సాగే భుజం కవరు వెచ్చగా ఉంటుంది, అంతకు మించి పట్టి ఉంచదు. రంగురంగుల టేపు కూడా అంతే.

స్కాన్‌లో చూడాల్సినవి. ఎమ్మారైలో లేబ్రం, లిగమెంట్లు, రొటేటర్ కఫ్ తెలుస్తాయి. కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారైలో ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. ఎముక ఎంత పోయిందో మాత్రం త్రీడీ సీటీ స్కాన్‌లోనే సరిగ్గా కొలవగలరు. ఒక్క ఎమ్మారై చూసి మీలాంటి భుజానికి నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. గుంటలో ఎముక ఎంత శాతం తగ్గిందో అడగండి. తక్కువ పోతే చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ పద్ధతిలో లేబ్రాన్ని యాంకర్లు అనే చిన్న మేకుల్లాంటి వాటితో తిరిగి ఎముకకు కుట్టేస్తారు. అది బ్యాంకార్ట్ రిపేర్. చేతి ఎముక తలలోని సొట్ట పెద్దదిగా ఉంటే వెనుక కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్‌ను ఆ సొట్టలోకి కుట్టి నింపుతారు. గుంటలో ఎముక 20–25 శాతం మించి పోయి ఉంటే కుట్టు మాత్రం చాలదు. రెక్క ఎముక ముందుభాగంలో ఉండే కోరకాయిడ్ అనే చిన్న కొక్కెం లాంటి ఎముకను దాని కండరంతో సహా కోసి తెచ్చి గుంట ముందు అంచున స్క్రూలతో బిగిస్తారు. దీన్ని లాటార్జే ఆపరేషన్ అంటారు. ఫ్రెంచి సర్జన్ లాటార్జే 1954లో ప్రచురించిన పద్ధతి ఇది. ఒళ్లు తగిలే ఆటలు ఆడేవాళ్లలో ఎముక 13–14 శాతం పోయిన దగ్గరే జాగ్రత్తగా ఆలోచించాలని ఇటీవలి సర్జన్లు అంటున్నారు. కబడ్డీ ఆడతారన్న సంగతి, ఏ స్థానంలో ఆడతారన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆటలాడతాను అని ఊరుకుంటే ఆయన షటిల్ అనుకోవచ్చు.

టంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒక డిఫెండర్ కథ మీకు పనికొస్తుంది. మీలాగే తానే సర్దుకునేవాడు, ఎన్నిసార్లు జారిందో లెక్క పెట్టడం మానేశాడు. సీటీలో చూస్తే గుంటలో పావు వంతుకు పైగా ఎముక లేదు. మొదటి రెండు మూడుసార్లకే వచ్చి ఉంటే చిన్న రంధ్రాలతో అయిపోయేది, లాటార్జే దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, తిరిగి ఆడుతున్నాడు. అయినా చెయ్యి బయటివైపుకు తిరగడం కొద్దిగా తగ్గింది. కబడ్డీకి అది పెద్ద అడ్డు కాదు. అదే చేత్తో స్పైక్ కొట్టేవాడికో ఫాస్ట్ బౌలరుకో అయితే ఆ కొద్దిపాటి తగ్గుదల తెలుస్తుంది. ఏ ఆపరేషన్‌లోనైనా ఇది ఉండే విషయమే, ముందే మాట్లాడుకోవాలి. ఆపరేషన్ అయినా మళ్లీ జారే అవకాశం సున్నా కాదు. మీ వయసులో, మీ ఆటలో అది మిగతావాళ్లకన్నా ఎక్కువ.

సమయం గురించి ఒక ఉదాహరణ. శ్రేయస్ అయ్యర్ 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో బంతి ఆపబోయి డైవ్ చేసినప్పుడు ఎడమ భుజం దెబ్బతింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది, మళ్లీ ఐపీఎల్‌లో బ్యాటు పట్టింది సెప్టెంబరులో. రోజంతా ఫిజియో, ట్రైనర్ పక్కన ఉండే ఆటగాడికే అయిదు నెలలు పట్టింది, అదీ క్రికెట్‌కు. కబడ్డీకి ఆరు నెలలకన్నా ముందు నేను ఎవరినీ మైదానంలోకి పంపను.

ఇప్పుడు వ్యాయామాలు. ఆపరేషన్ కావాలంటున్నారు కదా, ఇక వ్యాయామం దేనికి అనుకోవద్దు. ఊడిన లేబ్రాన్ని వ్యాయామం అతికించలేదు. వ్యాయామం లేకపోతే అతికించిన లేబ్రం కూడా నిలవదు. ఆపరేషన్‌కు ముందు కండరాలు బలంగా ఉన్నవాళ్లు తర్వాత తొందరగా కోలుకుంటారు. స్కాన్లకూ డాక్టరు తేదీకీ మధ్య మీకు ఎలాగూ కొన్ని వారాలు పడతాయి. ఈ రోజు నుంచి చేయదగినవి ఇవి. చివరిసారి జారి మూడు వారాలు దాటి, నొప్పి లేకపోతేనే మొదలుపెట్టండి.

మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి, కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండును పొట్టవైపుకు లాగండి, నెమ్మదిగా వదలండి. తర్వాత అటు తిరిగి నిలబడి బయటివైపుకు లాగండి. బయటివైపుకు లాగేటప్పుడు చెయ్యి నేరుగా ముందుకు చూసే దాకా చాలు, అంతకు మించి వెనక్కి పోనివ్వద్దు. పదిహేను చొప్పున మూడు విడతలు. వదిలేటప్పుడు నెమ్మదిగా వదలడమే ఇందులో ముఖ్యం. మన కుర్రాళ్లు లాగడం బాగా లాగుతారు, వదలడం ఠక్కున వదిలేస్తారు.

రెండోది రెక్క ఎముక. గుంట ఉన్నది ఆ ఎముకలోనే కాబట్టి అది స్థిరంగా లేకపోతే భుజం స్థిరంగా ఉండదు. గోడకు అరచేతులు ఆనించి దండీ తీసినట్టు వంగి లేవండి. పైకి వచ్చాక మోచేతులు చాచే ఉంచి, ఇంకొంచెం గోడను నెట్టండి, వీపు పైభాగం గుండ్రంగా అవుతుంది. ఆ చివరి నెట్టుడే కావాల్సింది. తర్వాత రబ్బరు బ్యాండును రెండు చేతులతో పొట్టవైపుకు లాగుతూ రెక్కలను వెనక్కి, కిందికి దగ్గర చేయండి. భుజాలు చెవుల వైపుకు లేవకూడదు.

మూడోది బరువు మోయించడం. మోకాళ్లు నేలకు ఆనించి దండీ భంగిమలో ఉండి, బరువును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చండి. మొదట గోడ దగ్గర, తర్వాత బల్ల మీద, ఆ తర్వాతే నేల మీద. భుజం ఎక్కడుందో కండరానికి గుర్తుండటం, దెబ్బకు ముందే అది బిగియడం ఇలాంటి వాటితోనే తిరిగి వస్తాయి. జారిన భుజం ఎక్కువగా పోగొట్టుకునేది ఈ జ్ఞాపకాన్నే.

మానేయాల్సినవి: జిమ్‌లో మెడ వెనక్కి బార్ దించడం, బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీని తాకే దాకా దించడం, డిప్స్, వెడల్పుగా చేతులు పెట్టి తీసే లోతైన దండీలు. చెయ్యి తల వెనక పెట్టుకుని పడుకోవడం కూడా. రాత్రి ఛాతీ దగ్గర దిండు పట్టుకుని పడుకుంటే చెయ్యి పైకి పోదు.

కాళ్లు, నడుము వ్యాయామాలు ఆపవద్దు. బస్కీలు, పరుగు కొనసాగించండి. పరుగులో చెయ్యి భయంగా అనిపిస్తే స్థిర సైకిలు. భుజంతో పట్టేవాడికన్నా కాళ్లతో అడ్డుకునే డిఫెండర్‌కు భుజం మీద భారం తక్కువ పడుతుంది. కార్నర్ ఆటగాడికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

ఆపరేషన్ తర్వాత స్థూలంగా ఇలా ఉంటుంది, మీ సర్జన్ చెప్పినదే చివరి మాట. మూడు నుంచి ఆరు వారాలు స్లింగ్, అంటే మెడ నుంచి చేతిని వేలాడదీసే పట్టీ. అప్పుడు వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదిలిస్తూ ఉండాలి. తర్వాత మెల్లగా భుజం కదలిక, చెయ్యి బయటివైపుకు తిప్పడంలో తొందర పనికిరాదు. మూడో నెల నుంచి బలం పెంచడం, నాలుగు అయిదు నెలలప్పుడు పరుపు మీద దొర్లడం, పడటం నేర్చుకోవడం. చాచిన చేతి మీద పడకుండా భుజాన్ని ముడుచుకుని దొర్లడం ఒక విద్య. మన దగ్గర కోచ్‌లు పట్టు నేర్పినంత శ్రద్ధగా దీన్ని నేర్పించరు. నేర్పించాలని నా గట్టి కోరిక.

మూడో నెల అన్నిటికన్నా ప్రమాదకరం. నొప్పి ఉండదు, చెయ్యి లేస్తుంది, ఇంట్లోవాళ్లు పనికి పిలుస్తారు. కొండపి వైపు ఒక అబ్బాయి ఆటకు దూరంగానే ఉన్నాడు, ఆ క్రమశిక్షణ పాటించాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పైఅరలకు కర్రలు అందించడానికి వెళ్లినప్పుడు కుట్టిన భుజం మళ్లీ లాగేసింది. తల పైన బరువు, చెయ్యి వెనక్కి, అదీ రోజంతా. ఆట మానితే చాలదు, పని కూడా చూసుకోవాలి. మీ ఇంట్లో రొయ్యల చెరువులున్నాయని రాశారు. మేత చల్లడం, విసురు వల వేయడం, రెండూ భుజాన్ని సరిగ్గా జారే భంగిమలోకి తీసుకెళ్లేవే. వాటికి ఇప్పటినుంచే వేరే మనిషిని చూసుకోమని ఇంట్లో చెప్పండి.

తిరిగి ఆడటానికి క్యాలెండర్ ఒక్కటే సరిపోదు. నేను చూసేవి: రెండు భుజాల కదలిక దాదాపు సమానంగా ఉండాలి, బలం రెండో చేతితో పోలిస్తే కనీసం తొంభై శాతం ఉండాలి, చెయ్యి పక్కకు ఎత్తి వెనక్కి తిప్పినప్పుడు జారుతుందేమోనన్న భయం కలగకూడదు. ఈ చివరి పరీక్ష ఇంట్లో మీరు చేసుకోవద్దు, మీ భుజానికి అది జారే భంగిమే. ఇంకొకటి, నేల మీద 36 అంగుళాల దూరంలో రెండు గీతలు గీసి, దండీ భంగిమలో ఒక్కో చేత్తో అవతలి గీతను తాకాలి. 15 సెకన్లలో మగవాళ్లు 21 సార్లయినా తాకగలగాలి. లాటార్జే అయితే అతికించిన ఎముక కలిసిందని స్కాన్‌లో కనిపించాలి. ఆ తర్వాత కూడా ముందు పట్టు లేని సాధన, తర్వాత పట్టుతో సాధన, ఆ తర్వాతే మ్యాచ్.

మధ్యలో మళ్లీ జారితే మైదానంలో ఎవరినీ లాగనివ్వవద్దు. ఊళ్లో లాగేవాళ్ల ఉద్దేశం మంచిదే. ఎముక విరిగి ఉంటే, లాగితే ఆ పగులు పెద్దదవుతుంది, నరం దెబ్బతినవచ్చు. చెయ్యి ఏ భంగిమలో హాయిగా ఉందో అలాగే తువ్వాలుతో ఒంటికి ఆనించి కట్టి, ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రభుత్వ సర్వజనాసుపత్రి అత్యవసర విభాగానికి, లేదా దగ్గర్లో ఎక్స్‌రే, ఆర్థోపెడిక్ డాక్టరు ఉన్న చోటికి వెళ్లండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినవద్దు, తాగవద్దు. ఆలస్యమైన కొద్దీ కండరాలు బిగిసి కూర్చోబెట్టడం కష్టమవుతుంది. చెయ్యి చల్లబడినా, వేళ్లు తిమ్మిరెక్కినా, భుజం బయటివైపు చర్మం మీద స్పర్శ తెలియకపోయినా ఆ మాట డాక్టరుకు ముందుగా చెప్పండి. కూర్చోబెట్టడానికి ముందూ తర్వాతా ఎక్స్‌రే తీయించుకోండి.

ఆట కాని ఒక విషయంలో నాకు నిజంగా భయం ఉంది. ఈ భుజంతో ఒంటరిగా నీళ్లలోకి దిగవద్దు. బావిలో, చెరువులో, సముద్రంలో ఈదుతూ చెయ్యి వేసినప్పుడు భుజం జారితే ఆ చేత్తో ఇక ఈదలేరు. నొప్పికి ఊపిరి నిలపడం కూడా కష్టం. మీది తీరానికి దగ్గర ఊరు కాబట్టి చెబుతున్నాను. చెరువు మధ్యలో పడవ మీద నిలబడి పనిచేసేటప్పుడూ అంతే. నిచ్చెనలు, చెట్లు ఎక్కడం కూడా అదే లెక్క.

నిద్రలో జారిందన్నారు కాబట్టి ఒక ప్రశ్న అడగాలి. ఆ రాత్రి నాలుక కరుచుకోవడం, పక్క తడవడం, లేచాక ఒళ్లంతా నొప్పులు, మతి లేనట్టు ఉండటం ఏమైనా ఉన్నాయా? ఇంట్లోవాళ్లను అడగండి. నిద్రలో మూర్ఛ వచ్చి భుజం జారినవాళ్లను చూశాను. ఒక కుర్రాడికి భుజం వల్లే మూర్ఛ ఉందని బయటపడింది. అలాంటప్పుడు ముందు మూర్ఛను మందులతో అదుపు చేయాలి, లేకపోతే ఎంత మంచి ఆపరేషనైనా ఒక్క ఫిట్స్‌తో పోతుంది. మీది చెయ్యి పెట్టుకున్న తీరు వల్లేనని నాకు అనిపిస్తోంది, అయినా అడిగి నిర్ధారించుకోండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అడగాలని ఉండి ఆగిపోయారేమో. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్‌కు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఉద్యోగిని, ఆపరేషన్ పేరు స్పష్టంగా చెప్పి, తేదీ తీసుకోకముందే అడగండి. యాంకర్లకు విడిగా డబ్బు కట్టాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఫిజియోథెరపీకి నెలల తరబడి తిరగాలి, ఆ బస్సు ఛార్జీలనూ లెక్కలో వేసుకోండి. రోజూ రాలేనివాళ్లకు నేను వారానికి ఒకసారి నేర్పించి, మిగతా రోజులు ఇంట్లో చేయించి, ఫోనులో వీడియో పంపమంటాను. మీ దగ్గర ఉండే ఫిజియో కూడా దీనికి ఒప్పుకుంటారు, అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ప్రతిసారీ ఎప్పుడు, ఏం చేస్తుండగా జారింది, ఎవరు కూర్చోబెట్టారు, ఎంతసేపు పట్టిందో రాసుకుని పట్టుకెళ్లండి. స్కాన్ సీడీ, ఫిల్ములు మీ దగ్గరే ఉంచుకోండి. రిపోర్టు వచ్చాక గుంటలో ఎముక ఎంత శాతం తగ్గిందన్నది, చేతి ఎముక తలలోని సొట్ట గురించి రాసిన వాక్యం, కీళ్లు వదులుగా ఉన్నాయో లేదో, ఈ మూడూ ఇక్కడ రాయండి. వాటిని చూసి ఆపరేషన్‌కు ముందున్న వారాల్లో ఏ వ్యాయామం పెంచాలో, ఏది తగ్గించాలో విడిగా చెబుతాను.